పిల్లల కీళ్లవాతంపై ఏ పరిశోధన ముందు జరగాలో తేల్చడం ఎలా?

ఒక జబ్బు మీద పరిశోధన చేసేవారికి ముఖ్యమనిపించే ప్రశ్నలు, ఆ జబ్బుతో రోజూ బతికేవారికి ముఖ్యమైన ప్రశ్నలు ఒకటే అయి ఉంటాయని మనం సహజంగా అనుకుంటాం. పెద్దవారి మోకాళ్ల అరుగుదల విషయంలో అది నిజం కాదని 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అప్పటివరకు జరిగిన పరిశోధనల్లో సగానికి పైగా మందుల మీదే ఉండగా, రోగులు మాత్రం మోకీలు మార్పిడి ఆపరేషన్ ఎంతవరకు పనిచేస్తుంది, నొప్పితో రోజులు ఎలా నెట్టుకురావాలి అన్న వాటికి జవాబులు అడిగారు. పిల్లల విషయంలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే నొప్పి భరించేది బిడ్డ, చెప్పేది తల్లి, రాసుకునేది డాక్టరు, పరిశోధనకు డబ్బు ఇచ్చేది ఈ ముగ్గురినీ ఎన్నడూ చూడని ఒక కమిటీ.

మీరు పిల్లల వైద్యులైనా, కీళ్లవాత నిపుణులైనా, తల్లిదండ్రుల సంఘం నడిపేవారైనా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ జబ్బుపై ముందుగా ఏ ప్రశ్నలకు జవాబు వెతకాలో ఒక జాబితా తయారు చేయాలనుకుంటే, ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఆధారం బ్రిటన్‌లో 2004లో ఏర్పడిన జేమ్స్ లిండ్ అలయన్స్ రూపొందించిన పద్ధతి. 1747లో ఓడ మీద స్కర్వీ సోకిన నావికులకు వేర్వేరు చికిత్సలు ఇచ్చి పోల్చిచూసి, నారింజలు, నిమ్మపండ్లు తిన్నవారే కోలుకున్నారని గుర్తించిన వైద్యుడి పేరు అది. నెదర్లాండ్స్‌లో ఇదే పద్ధతిలో పిల్లల కీళ్లవాతంపై రోగులు, తల్లిదండ్రులు, వైద్యులు కలిసి తయారుచేసిన పరిశోధనా జాబితా 2021లో ప్రచురితమైంది. ఆ జాబితాను యథాతథంగా తెచ్చుకుంటే చాలు కదా అని మీకు అనిపించవచ్చు. అది ఎందుకు చాలదో మూడో అడుగుకు వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మొదటి అడుగు: ఏ జబ్బు, ఎవరి జబ్బు అన్నది గీత గీసి చెప్పండి

పిల్లల్లో కీళ్లు వాచే జబ్బులన్నింటినీ ఒకే గంపలో వేయాలన్న కోరిక కలుగుతుంది. దానికి లొంగవద్దు. రుమాటిక్ జ్వరం గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి, కీళ్లను వదిలినా గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బు. దాని నివారణ గొంతునొప్పికి సమయానికి చికిత్స చేయడంతోనూ, మూడు నాలుగు వారాలకు ఒకసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తోనూ ముడిపడి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సభ 2018లో ప్రత్యేకంగా తీర్మానం చేసేంత పెద్ద సమస్య అది. దానికి వేరే జాబితా ఉండాలి. ఇక్కడ మనం మాట్లాడుకునేది జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ గురించి, అంటే 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం దొరకని కీళ్లవాతం గురించి. 2001లో కెనడాలోని ఎడ్మంటన్‌లో నిపుణులు సవరించిన వర్గీకరణ ప్రకారం దీనిలో ఏడు రకాలున్నాయి. ఒకటి రెండు కీళ్లు వాచిన పాపకూ, రోజూ జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు లేచే బాబుకూ ఎదురయ్యే కష్టాలు ఒకటి కావు. అయినా ఏడింటినీ కలిపే తీసుకోండి, ఎందుకంటే వేరుచేస్తే ఒక్కో రకానికి చాలినన్ని కుటుంబాలు దొరకవు.

జబ్బు 16 ఏళ్లలోపు మొదలవుతుందన్న మాటను, అడగవలసింది 16 ఏళ్లలోపు వారినే అన్న అర్థంలో తీసుకోకండి. చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చి ఇప్పుడు పాతికేళ్ల వయసులో ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయికి తెలిసిన విషయాలు, ఎనిమిదేళ్ల పాప తల్లి ఇంకా ఊహించనివి.

రెండో అడుగు: నడిపించే బృందం

పది నుంచి పద్నాలుగు మంది చాలు. వారిలో సగం మందికి తగ్గకుండా జబ్బు అనుభవించినవారు, తల్లిదండ్రులు ఉండాలి. మిగిలిన సగంలో కీళ్లవాత నిపుణులు, పిల్లల వైద్యులతో పాటు ఫిజియోథెరపిస్టు, కంటి డాక్టరు, వార్డు నర్సు, వీలైతే ఒక బడి పంతులు ఉండాలి. కంటి డాక్టరు ఎందుకంటే, ఈ జబ్బులో కొందరు పిల్లలకు కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు వచ్చి చూపు పోయే ప్రమాదం ఉంది. పంతులు ఎందుకంటే, పొద్దున కీళ్లు పట్టేసి ప్రార్థనకు ఆలస్యంగా వచ్చే పిల్లను బద్ధకస్తురాలిగా చూసేదీ, లేదా ఆమె ఇబ్బందిని ముందుగా పసిగట్టేదీ ఆయనే.

మందుల కంపెనీలకు ఈ బృందంలో చోటు ఇవ్వకండి. జేమ్స్ లిండ్ పద్ధతిలో ఇది స్పష్టమైన నియమం. ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల్లో తయారై ఒంట్లో వాపు పుట్టించే పదార్థాలను అడ్డుకునే మందులు, వచ్చిన తర్వాత ఈ నియమం మరింత అవసరమైంది. సభ్యులందరూ తమకు ఏ సంస్థతో ఏ ఆర్థిక సంబంధం ఉందో మొదటి సమావేశంలోనే రాసి ఇవ్వాలి. అధ్యక్షత వహించే వ్యక్తికి ఈ జబ్బుతో వృత్తి సంబంధం లేకపోతే మంచిది.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చే తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకుంటాడు. బస్సు ఛార్జీతో పాటు ఆ కూలి కూడా బడ్జెట్‌లో లేకపోతే, మీ బృందంలో కుటుంబాల తరఫున మాట్లాడేవారందరూ నగరంలో ఉన్న ఉద్యోగస్తులే అవుతారు.

మూడో అడుగు: ప్రశ్నలు సేకరించడం

ఇక్కడ మీరు మూడు నెలలైనా పెట్టండి. మిగతా పని అంతా ఇక్కడ ఎంత నిజాయతీగా విన్నారన్న దాని మీదే నిలబడుతుంది.

ముందుగా తయారుచేసిన జాబితా ఇచ్చి టిక్కు పెట్టమంటే, మీకు ముందే తెలిసినదే తిరిగి వస్తుంది. అందుకు బదులుగా ఒకే ఒక్క విడి ప్రశ్న అడగండి: “మీ బిడ్డ కీళ్ల జబ్బు గురించి మీరు ఎవరినైనా అడగాలనుకుని, సరైన జవాబు దొరకని సంగతులు ఏమిటి?” ఈ వాక్యాన్ని తెలుగులోనే మొదట రాయండి. ఇంగ్లీషులో రాసి తెలుగులోకి తేవద్దు, ఎందుకంటే అలా తెచ్చిన ప్రశ్నలో “పరిశోధనా అనిశ్చితి” వంటి మాట ఒకటి దూరి, చదివిన తల్లి తనను అడుగుతున్నది తనకు సంబంధించినది కాదనుకుంటుంది. ఉర్దూలో, గోండిలో, కోయలో మాట్లాడే కుటుంబాలను వారి భాషలోనే అడిగించండి.

కంప్యూటరు ఫారం ఒక్కటే పెట్టకండి. ఓపీ బయట వేచి ఉన్నవారితో కూర్చుని అడిగే మనిషి, ఫోను చేసి మాట్లాడే మనిషి, వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపే వీలు, ఈ మూడూ ఉండాలి. అడిగే వ్యక్తి వైద్యం చేసే డాక్టరు కాకుండా చూడండి. “డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నామండీ” అన్న మాట వెనుక నాలుగు వారాలుగా మానేసిన మాత్రలు ఉండవచ్చు. ఆ మానేయడం వెనుకే మీకు కావలసిన ప్రశ్న ఉంటుంది.

వచ్చే ప్రశ్నలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. “ఈ మాత్ర వారానికి ఒకటే ఎందుకు, రోజూ వేస్తే త్వరగా తగ్గదా?” “వాపు తగ్గి ఏడాదైంది, మందు ఎప్పుడు ఆపాలి?” “మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఇంజెక్షన్ ఎక్కడ దాచాలి?” “వంకాయ, గోంగూర, చింతపండు పులుపు మానిపించాం, అయినా వాపు వస్తోంది, ఇంకేం మానాలి?” “బడిలో కింద కూర్చోలేకపోతోంది, బల్ల అడగవచ్చా?” “పెద్దయ్యాక పెళ్లికీ, పిల్లలు పుట్టడానికీ అడ్డం అవుతుందా?” వీటిలో గోంగూర ప్రశ్నను గమనించండి. వాతం చేసే తిండి అన్న భావన మన ఇళ్లలో తరాలుగా ఉంది. పెరిగే వయసులో ఉన్న బిడ్డకు పథ్యం పేరుతో ఎన్ని పదార్థాలు మానిపిస్తున్నారో, దాని వల్ల బరువు, ఎముకల బలం ఏమవుతున్నాయో మనకు తెలియాలి. నెదర్లాండ్స్‌లోని తల్లికి ఆ ప్రశ్న తట్టదు. వారి జాబితాను మనం అరువు తెచ్చుకోలేకపోవడానికి ఇది ఒక్కటే కారణం కాదు. అక్కడ ఎక్కువగా కనిపించేది కొద్ది కీళ్లకు, ముఖ్యంగా చిన్న ఆడపిల్లలకు వచ్చే రకం. మన దేశంలోని ఆసుపత్రుల్లో ఎముకకు స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటి భాగం) అతుక్కునే చోట, మడమల దగ్గర, నడుములో నొప్పి మొదలయ్యే రకం, అంటే ఎక్కువగా ఎదిగే వయసు మగపిల్లల్లో వచ్చేది, అక్కడికంటే ఎక్కువ పాలులో కనిపిస్తుంది. బయోలాజిక్ ఇంజెక్షన్లు ఒంట్లో దాగి ఉన్న క్షయను లేపవచ్చు కాబట్టి, క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో వాటి చుట్టూ ఉండే భయాలు కూడా వేరు.

పిల్లలను నేరుగా అడగండి. ఏడేళ్ల పిల్ల కాగితం మీద మనిషి బొమ్మలో నొప్పి ఉన్న చోట రంగు వేసి, “ఇక్కడ నొప్పి లేకపోతే ఏం చేస్తావు?” అన్నదానికి చెప్పే జవాబు, పెద్దవారు రాసిన పేజీకి సాటి వస్తుంది. నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి తల్లిదండ్రుల ఎదుట నోటిమాటగానూ, ఆపై 18 ఏళ్ల వరకు రాతపూర్వకంగానూ సమ్మతి తీసుకోవాలి. తల్లిదండ్రుల అనుమతి దీనికి అదనం. పేరు, ఊరు, ఫోను నంబరు ప్రశ్నల పట్టికలో ఉండకూడదు. వాటిని విడిగా, తాళం వేసిన చోట ఉంచండి, ఎందుకంటే చివరి అడుగులో అవి మళ్లీ కావాలి.

రానివారి గురించి ఆలోచించండి. నిపుణుడి దాకా వచ్చినవారినే అడిగితే, వాపును ఎదిగే వయసు నొప్పులనుకుని పసరు మందుతో రెండేళ్లు గడిపిన కుటుంబం మీకు కనిపించదు. ఆశా కార్యకర్తలనూ, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వెళ్లే బృందాలనూ కలుపుకోండి. మధ్యలో చికిత్స మానేసినవారి పేర్లు ఆసుపత్రి రిజిస్టర్‌లోనే ఉంటాయి. ఆసుపత్రే వారికి ఫోను చేయించి, మీతో మాట్లాడటానికి ఇష్టమేనా అని అడగాలి.

నాలుగో అడుగు: ప్రశ్నలను కూర్చడం

వందల కొద్దీ వాక్యాలు వస్తాయి. ప్రతి వాక్యానికి ఒక అంకె ఇవ్వండి, ఆ అంకెను చివరిదాకా చెరపకండి. ఒకే సంగతి అడిగే వాక్యాలను కలిపి ఒక స్పష్టమైన పరిశోధనా ప్రశ్నగా మార్చండి: ఏ పిల్లల్లో, ఏ చికిత్స లేదా జాగ్రత్త, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం. “మందు ఎప్పుడు ఆపాలి” అన్న ముప్పై వాక్యాలు ఇలా మారవచ్చు: “వాపు పూర్తిగా తగ్గిన పిల్లల్లో మెథోట్రెక్సేట్‌ను (వారానికోసారి వేసే ఆ మాత్రను) ముందుగా ఆపడం, మరికొంత కాలం కొనసాగించి ఆపడం, ఈ రెంటిలో జబ్బు తిరగబెట్టడం ఎందులో తక్కువ?”

ప్రమాదం ఇక్కడే ఉంది. “రాత్రి నిద్ర పట్టక ఏడుస్తుంది, మేమూ నిద్రపోము” అన్న వాక్యం రెండుసార్లు చేతులు మారేసరికి “జీవన నాణ్యత” అన్న మాటలో కరిగిపోతుంది. అలా జరిగితే ఆ తల్లి తుది జాబితాలో తన ప్రశ్నను గుర్తుపట్టలేదు. అందుకే ప్రతి కూర్చిన ప్రశ్న కింద దానికి మూలమైన రెండు మూడు వాక్యాలను వారి మాటల్లోనే ఉంచండి. కూర్పు పని ఇద్దరు విడివిడిగా చేసి, తేడా వచ్చిన చోట బృందంలోని ఒక తల్లినో తండ్రినో అడిగి తేల్చుకోవాలి. పెద్దల కీళ్లవాతంలో ఇలాంటి పాఠం ఒకసారి నేర్చుకోవలసి వచ్చింది. ఫలితాల కొలతలు నిర్ణయించే ఓమెరాక్ట్ సమావేశంలో 2002లో రోగులు కూర్చుని చెప్పిన తర్వాతే, వైద్యులు లెక్కించని అలసట అన్నది వారికి ఎంత పెద్ద బాధో చర్చలోకి వచ్చింది.

ఐదో అడుగు: జవాబు ఇప్పటికే ఉందా?

ప్రతి ప్రశ్నకూ తాజా క్రమబద్ధ సమీక్షలు (ఒక ప్రశ్నపై జరిగిన అధ్యయనాలన్నింటినీ వెతికి కలిపి చూసే వ్యాసాలు), గుర్తింపు పొందిన చికిత్సా మార్గదర్శకాలు వెతకండి. ఇది గ్రంథాలయ శాస్త్రం తెలిసినవారితో చేయించాల్సిన పని. ఫ్రిజ్ ప్రశ్నను చూడండి. ఆ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలన్నది తెలిసిన విషయమే. తెలియనిది ఏమిటంటే, ఫ్రిజ్ లేని ఇళ్లకు ఏ ఏర్పాటు పనిచేస్తుందన్నది. కంటి పరీక్షలు కన్ను బాగున్నట్టు కనిపించినా క్రమం తప్పకుండా చేయించాలన్నది తెలిసిన విషయమే. ఊళ్లో స్లిట్ ల్యాంప్ (కన్ను లోపలి వాపును చూపే దీపం ఉన్న సూక్ష్మదర్శిని) లేని పిల్లలకు అది ఎలా అందుతుందన్నది పరిశోధించవలసినది. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే వేయాలన్నది నిర్వివాదం. రోజూ వేస్తే ప్రాణాపాయం. కాబట్టి ఆ ప్రశ్న పరిశోధన జాబితాలోకి రాకూడదు.

అయితే తెలిసిన ప్రశ్నలను పారేయకండి. ఒక ప్రశ్నకు శాస్త్రంలో జవాబు ఉండి కూడా ఇరవై మంది తల్లులు అడిగారంటే, జవాబు వారి దాకా చేరలేదని అర్థం. వాటిని వేరుగా పోగుచేసి, తెలుగులో సమాచార పత్రంగా వేసి ఆసుపత్రులకు ఇవ్వండి. ఈ పని ఒక్కటే చేసినా మీ శ్రమ వృథా కాలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆరో అడుగు: మొదటి వడపోత

మిగిలిన నలభై, యాభై ప్రశ్నల నుంచి పదేసి ఎంచుకోమని అందరినీ మళ్లీ అడగండి. కుటుంబాల ఓట్లు, వైద్యుల ఓట్లు విడివిడిగా లెక్కించి, రెండు వరుసలను సమాన బరువుతో కలపండి. లేకపోతే ఏ వర్గం నుంచి ఎక్కువ మంది స్పందిస్తే వారి మాటే చెల్లుతుంది. ఇలా పాతిక ప్రశ్నల దాకా తగ్గించండి.

మన దేశంలో పేరున్న మరో పద్ధతి ఉంది. సీహెచ్ఎన్ఆర్ఐ (పిల్లల ఆరోగ్యం, పోషకాహార పరిశోధనా కార్యక్రమం) అనే ఆ పద్ధతిలో, పరిశోధన చేయదగినదా, ఫలితం ఇస్తుందా, అందించగలమా, జబ్బు భారం ఎంత తగ్గుతుంది, అందరికీ సమంగా అందుతుందా అన్న ప్రమాణాలపై నిపుణులు మార్కులు వేస్తారు. తల్లులు, శిశువుల ఆరోగ్యంపై భారత వైద్య పరిశోధన మండలి ఇన్‌క్లెన్ అనే పరిశోధనా సంస్థతో కలిసి 256 సంస్థల నిపుణుల నుంచి 4000కు పైగా ఆలోచనలు సేకరించి 2017లో ప్రచురించిన జాబితా దీనితోనే తయారైంది. దేశమంతటికీ, అనేక జబ్బులకు ఒకేసారి అది సరిపోతుంది. కొద్దిమంది పిల్లలకు వచ్చే ఒక జబ్బుకు మాత్రం, జబ్బు భారం అన్న ప్రమాణం మొదటి నుంచే మనకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. అందుకే నేను ఆ పద్ధతిని ఇక్కడ సూచించను. దానిలోని సమానత అన్న ప్రమాణాన్ని మాత్రం తుది సమావేశంలో గోడ మీద రాసి పెట్టండి.

ఏడో అడుగు: తుది సమావేశం

ఇరవై నుంచి ముప్పై మంది, ఒక పూర్తి రోజు. తెలుగులోనే జరపండి. పదకొండు గంటలకు ముందు మొదలుపెట్టకండి, ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవారికి పొద్దున లేచిన తర్వాత కీళ్లు వదలడానికి సమయం పడుతుంది. మెట్లు లేని గది, ఆనుకుని కూర్చునే కుర్చీలు, గంటకొకసారి లేచి నడిచే విరామం ఉండాలి.

మూడు చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ప్రతి గుంపులో కుటుంబాలు, వైద్యులు సమంగా ఉండేలా చూడండి. ఒక్కో ప్రశ్నను ఒక్కో అట్టముక్క మీద రాసి, నేల మీద కాకుండా బల్ల మీద పరిచి, వరుసలో జరుపుతూ మాట్లాడించండి. మన దగ్గర ఒక నియమం తప్పనిసరి: ప్రతి వంతులో తల్లిదండ్రులు, యువ రోగులు ముందు మాట్లాడాలి, డాక్టర్లు తర్వాత. పెద్ద డాక్టరు గారు ఒక మాట అన్నాక దానికి భిన్నంగా చెప్పడం మర్యాద కాదని భావించే మన అలవాటు, ఏ ఓటింగ్ పద్ధతీ సరిచేయలేనంత బలమైనది. గుంపుల వరుసలను కలిపి, మధ్యాహ్నం గుంపులను మార్చి మళ్లీ చర్చించి, చివరికి అందరూ కలిసి మొదటి పదింటిని తేల్చండి. పదకొండో స్థానంలో ఆగిపోయిన ప్రశ్నను కూడా ప్రచురించండి.

ఎనిమిదో అడుగు: జాబితా అల్మరాలో పడకుండా

పరిశోధనా ప్రాధాన్యాలను ఎలా నిర్ణయించారో చెప్పడానికి 2019లో వెలువడిన రిప్రైజ్ మార్గదర్శకాన్ని అనుసరించి నివేదిక రాయండి. దానితో పాటు, ఒక్కో ప్రశ్నకు ఏ రకమైన అధ్యయనం కావాలో అర పేజీలో రాసి, భారత వైద్య పరిశోధన మండలికీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగానికీ పంపండి. వాటికంటే త్వరగా ఫలించే దారి ఒకటి మన చేతిలోనే ఉంది. పీజీ చేసే ప్రతి వైద్య విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి, అంశం కోసం తొలి ఏడాదిలో వెతుక్కుంటాడు. విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం పరిధిలోని పిల్లల వైద్యం, కంటి వైద్యం, సమాజ వైద్యం విభాగాలకు మీ పది ప్రశ్నలు అడ్మిషన్ల సమయానికి చేరితే, పథ్యం వల్ల బరువు తగ్గుతోందా అన్నది, స్లిట్ ల్యాంప్ పరీక్ష ఎందరికి అందుతోందన్నది రెండేళ్లలో లెక్క తేలగల అంశాలు. మందు ఎప్పుడు ఆపాలన్నది అలా కాదు. దానికి అనేక ఆసుపత్రులు కలిసి, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి చేయాల్సిన ప్రయోగం కావాలి.

ఇప్పుడు తాళం వేసిన పట్టిక తీయండి. ప్రశ్న ఇచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక కార్డు రాయండి: మీరు అడిగిన మాట ఇది, ఇది ఈ ప్రశ్నలో కలిసింది, ఈ స్థానంలో నిలిచింది, లేదా దీనికి జవాబు ఇప్పటికే తెలుసు, ఆ జవాబు ఇదిగో. చదవడం రానివారికి ఫోను చేసి చెప్పించండి. గోంగూర మానిపించిన తల్లికి వెళ్లే కార్డులో, ఆమె ప్రశ్న ఏ కాలేజీలో ఏ విద్యార్థి చేతికి వెళ్లిందో కూడా రాయగలిగిన రోజున ఆ కార్డును పోస్టు చేయండి.